సమ్మె రోజుల నీటి మట్టం

దిల్‌సుఖ్‌నగర్,
6 ఫిబ్రవరి 2012

ప్రియమైన అంతయ్య బాబాయికి,

నా ప్రోగ్రాం గెలిచింది! వాన లెక్క ఇస్తే చాలు, సరూర్‌నగర్, కర్మన్‌ఘాట్ బావుల్లో నీళ్లు ఎంత లోతున ఉన్నాయో కంప్యూటరే చెప్పేస్తోంది. మీరు రోజూ కొలిచి రాసే భూగర్భజల శాఖ ఆఫీసు రిజిస్టరుతో పోల్చి చూశాను. మామూలు రోజుల్లో జానెడు తేడా ఉన్నా, సకల జనుల సమ్మె నలభై రెండు రోజులూ అంగుళం తేడా లేదు! ఇక బావుల దగ్గరికి మనిషి వెళ్లక్కర్లేదని రాసెయ్యమంటున్నారు మా గైడు భానుమూర్తి గారు. వచ్చే సోమవారం థీసిస్ ఇస్తున్నాను. మూడేళ్లు నన్ను బావుల వెంట తిప్పింది మీరే కాబట్టి ముందు మీకే చెబుతున్నాను.

మీ తేజస్విని

కర్మన్‌ఘాట్,
8 ఫిబ్రవరి

బిడ్డ తేజస్వినికి దీవెనలు.

ఉత్తరం చదివి పరేషాన్ అయ్యాను. సమ్మెలో నేనూ ఉన్నాను కదా, ఆ రోజుల్లో రిజిస్టరు ముట్టనే లేదు. ఆ అంకెలు ఎవరివని ఆఫీసులో శ్రీనివాస్‌ను అడిగాను. "గన్ని రోజులు ఖాళీగ ఉంటే పైనోళ్లు ఊకుంటరా అన్నా? సమ్మె అయినంక గా పిల్ల ఇచ్చిన ప్రోగ్రాం తోటే నింపిన" అన్నాడు. నీ లెక్కను నీ లెక్కతోనే సరిచూసుకున్నావు, బిడ్డా.

ఇంకొకటి. ఇరవై ఆరేళ్ల అలవాటు, కొలవకుండా ఉండలేకపోయాను. టేపు తువ్వాలలో చుట్టుకుని పోయి, కొలిచి, నా సొంత నోటుబుక్కులో రాసుకున్నాను. అది పంపుతున్నాను. నా పేరు మాత్రం రానియ్యకు. సమ్మెలో పని చేశానని తెలిస్తే యూనియన్‌లో బాల్‌రాజ్‌కు ముఖం ఎట్ల చూపించను?

నీ అంతయ్య

దిల్‌సుఖ్‌నగర్,
10 ఫిబ్రవరి

ప్రియమైన బాబాయికి,

నోటుబుక్కు చూశాను. మీరు కొలిచిన నీళ్లు నా లెక్క కన్నా మూడడుగులు పైన ఉన్నాయి. వాన లేదు, మరి ఎలా? బావి పక్కింటి శివమ్మ గారిని అడిగితే, "కరెంటే లేకపాయె బిడ్డా, బోర్లు ఎవరు నడిపిన్రు?" అన్నారు. సమ్మెతో బొగ్గు గనులు ఆగాయి, కరెంటు పోయింది, బోర్లు ఆగాయి, నీళ్లు పైకొచ్చాయి. నా ప్రోగ్రాంకు వాన తెలుసు, సమ్మె తెలియదు.

భానుమూర్తి గారేమో, "పేరూ సంతకమూ లేని పుస్తకం చెల్లదమ్మా. రిజిస్టరు ఉందిగా, కానిచ్చెయ్" అన్నారు. కానిస్తే నాకు డాక్టరేటు వస్తుంది, మీలా కొలిచేవాళ్లను తీసేస్తారు. మీ పేరు అడగడానికి నాకు నోరు రావడం లేదు. సోమవారం దగ్గరకొచ్చేసింది, భయంగా ఉంది.

మీ తేజస్విని

కర్మన్‌ఘాట్,
12 ఫిబ్రవరి

బిడ్డా,

మా చిన్న బిడ్డ వర్షతో ఈ ఉత్తరం పంపుతున్నాను. నిన్న బాల్‌రాజ్ ఇంటికి పోయి నేనే చెప్పాను. "మేం జైలుకు పోయినం. నువ్వు బాయికాడికి పోయినవా?" అన్నాడు. ఆఫీసుకు ఒక్క అంకె ఇవ్వలేదన్నా వినలేదు, లేచి లోపలికి పోయాడు. ముప్పై ఏళ్ల దోస్తీ. దారిలో ఏడుపొచ్చింది.

కానీ ఆ నలభై రెండు రోజులు మేం ఏం ఆపగలిగామో ఆ బావి నీళ్లలో ఉంది. దాని మీద కంప్యూటర్ అంకెలు రాసేస్తే, సమ్మె జరగనట్టే కదా? బాల్‌రాజ్‌కు ఆ మాట చెప్పేలోపే తలుపేశాడు.

రేపు ఎనిమిదింటికి వస్తాను. ప్రతి పేజీ కింద సంతకం చేస్తాను. థీసిస్‌లో ఇంటిపేరుతో సహా ఇట్ల రాయి.

కొలిచినవాడు,
బొల్లెపల్లి అంతయ్య