పుస్తకం వెనక నంబరు

ఆదివారం, గోడాదరా

సీడీల్లో ప్రసంగాలు చెప్పే పాస్టరు అయ్యగారి పుస్తకం వెనక ఉన్న నంబరుకు నాలుగు నెలలుగా మెసేజ్‌లు పెడుతున్నాను. చిన్నప్పుడు నలుగురిలో నోరు తెరవలేకపోయేవాడినని ఆయనే అందులో రాసుకున్నారు. నేనూ అంతే. అందుకే ఏడ్చిన రోజులు కూడా ఆయనకు చెప్పాను. రోజూ జవాబు వచ్చేది.

ఈరోజు ఆయన ఈ పరాయి రాష్ట్రంలో ఉన్న మా తెలుగు చర్చికి వచ్చారు. ప్రార్థన కోసం వరసలో నిలబడ్డాను. తల మీద చెయ్యి పెట్టి, "నీ పేరేంటి బాబూ?" అన్నారు. చెప్పినా గుర్తుపట్టలేదు.

"రోజు మెసేజ్ పెడ్త గద అయ్యగారు."

"ఆ ఫోను మా డ్రైవరు చూస్తాడు నాన్నా."

బయట కారు తుడుస్తున్న డ్రైవరన్న దగ్గరకెళ్లి పేరు చెప్పాను.

"బట్ట నేసే సాంచెల కార్ఖానల పనిజేసే పోరడివి నువ్వేనా? జరమొచ్చిందని రాసినవ్, తగ్గిందా?"

తలూపాను. అవన్నీ ఇతనే చదివాడా అని సిగ్గేసింది.

"గంత గంత రాస్తవ్, నోట్లకెల్లి ఒక్క మాట రాదేందిరా?" అని నవ్వాడు.

రూముకొచ్చాక ఎప్పటిలాగే 'అయ్యగారూ' అని మొదలుపెట్టి చెరిపేశాను. 'అన్నా, మంచిగ చేరుకున్నరా?' అని పెట్టాను.

ఇంకా జవాబు రాలేదు. కారు నడుపుతూ ఉంటాడు.