కొబ్బరి నీళ్లు తాగిన సర్వర్

అక్టోబరు 14, సోమవారం

దసరా సెలవు తర్వాత ఆఫీసు తెరిచాం. సర్వర్ ఆన్ చేశాను. టప్! కాలిన వాసన. అంతే!

కారణం నాకు తెలుసు. దసరా రోజు ఆయుధపూజ. పసుపు, కుంకుమ, బంతిపూల దండ. అంతవరకు బాగానే ఉంది. చివర్లో మాధవరావు సార్ కొబ్బరికాయ కొట్టి, ఇంట్లో ట్రాక్టర్ మీద చల్లినట్టే సర్వర్ మీద కూడా నీళ్లు చల్లారు. ఆ పెట్టె నెత్తిన గాలి కోసం రంధ్రాలున్నాయి. ఈ మాట సార్‌తో అనే ధైర్యం ఎవరికుంది? జీతమిచ్చేది ఆయనే.

"దిష్టి తగిలింది వసంతా. నిమ్మకాయ కట్టుండ్రి" అన్నారు సార్.

మాది జగిత్యాలలో గల్ఫ్ కార్మికుల సహాయ కేంద్రం. అక్కడ చిక్కుకున్న మనవాళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు, పాస్‌పోర్టు కాపీలు అన్నీ ఆ పెట్టెలోనే ఉన్నాయి.

ఆ పెట్టెను పెట్టి, నడిపింది మా ఆయన వేణు. కోరుట్లలో అతని కంప్యూటర్ రిపేరు షాపు మూతపడింది. ఆగస్టులో రెండేళ్ల పని మీద షార్జా వెళ్లిపోయాడు. వీసా వచ్చాక నాకు చెప్పాడు! రోజంతా గల్ఫ్ గోసలు టైపు చేసేదాని మొగుడు! దిగగానే ఫోన్ చేస్తే "నాకు పనుంది" అని పెట్టేశాను. అప్పటినుంచి పొద్దున్నే వాట్సాప్‌లో ఒక గులాబీ పువ్వు వస్తుంది. పువ్వు ఫోన్ కాదు.

అందుకని తీర్మానం: డేటా మొత్తం నేనే వెనక్కి తెస్తాను. వేణుకు ఫోన్ చేయను. డిగ్రీలో కంప్యూటర్స్ చదివాను, ఊరికే చదివానా?

అక్టోబరు 15

స్క్రూలు విప్పాను. లోపల కొబ్బరి పీచు కూడా ఉంది! కింద బ్యూటీ పార్లర్ మౌనికను అడిగి జుట్టు ఆరబెట్టే మిషన్ తెచ్చాను. గంటసేపు ఆరబెట్టాను. పెట్టె లేవలేదు. అయినా లోపలంతా తెలిసిపోయింది. సగం పని అయినట్టే.

సాయంత్రం: సార్ స్వయంగా నిమ్మకాయ కట్టారు. పచ్చిమిరపకాయలతో సహా.

అక్టోబరు 16

హార్డ్ డిస్క్ బయటికి తీశాను. డేటా ఉండేది దాంట్లోనే. తడిసిన ఫోన్‌ను బియ్యంలో పెట్టాలని ఎక్కడో విన్నాను. డిస్క్‌కు మాత్రం వేరే నియమం ఉంటుందా? ఇంటి బియ్యం డబ్బాలో పాతిపెట్టాను.

సారంగాపూర్ నుంచి దేవవ్వ వచ్చింది. ఆమె భర్త రాజం దుబాయ్‌లో ఉన్నాడు. పాస్‌పోర్టు కంపెనీ దగ్గరే ఉండిపోయింది.

"కంపెనీల కెళ్లి బయటికచ్చిండు బిడ్డా. గిప్పుడు కల్లివెల్లి. కాయిదాల్లేవు, పోలీసోళ్లను చూస్తె దాసుకునుడే. గీ నెలాఖర్ దాంక ఎవలనూ పట్టుకోరట, ఇంటికి పంపుతరట. పాస్‌పోర్ట్ కాపీ పంపుమన్నడు."

ఇంట్లో ఉన్న జిరాక్స్ మొన్నటి వానకు తడిసి ముద్దయిందట. మిగిలింది మా సర్వర్‌లోని కాపీ ఒక్కటే. అదిప్పుడు మా బియ్యంలో ఉంది.

"రేపు రా అవ్వా" అన్నాను.

అక్టోబరు 18

డిస్క్ కడిగిన ముత్యంలా ఉంది! నా కంప్యూటర్‌కు తగిలించాను. కనిపించింది!! కుర్చీలోంచి ఎగిరాను. సార్ నిమ్మకాయకు దండం పెట్టారు.

తర్వాత డేటాబేస్ తెరవబోతే పాడైపోయిందని వచ్చింది. మూడుసార్లు తెరిచాను. మూడుసార్లూ అదే మాట.

దేవవ్వ బెంచీ మీద కూర్చుని ఉంది. "రేపు అవ్వా."

అక్టోబరు 19

బస్టాండు దగ్గరి కంప్యూటర్ షాపుకు వెళ్లాను. "హైదరాబాద్ పంపాలె మేడమ్. నెల పడ్తది" అన్నాడు. నెల ఎక్కడుంది?

ఇంటికొచ్చి వీడియోలు చూశాను. వాటిలో ఒకతను ముందుగా "బ్యాకప్ పెట్టుకున్నారు కదా" అని అడిగాడు. వీడియో ఆపేశాను. బ్యాకప్ వేణు పని. వేణుతోనే పోయింది.

అక్టోబరు 21

తీర్మానం తీర్మానమే. అయితే వేరేవాళ్లను అడగకూడదని నేనెక్కడా రాసుకోలేదు. వేణు స్నేహితుడు అరవింద్ సిరిసిల్లలో ఉంటాడు. అతనికి ఫోన్ చేసి కొబ్బరి నీళ్ల సంగతంతా చెప్పాను. నా పేరు చెప్పకుండా, "ఎవరో ఒకామె" అని వేణును అడగమన్నాను.

పది నిమిషాల్లో అరవింద్ మళ్లీ చేశాడు. "వదినా, వాడు నవ్వుతుండు. కొబ్బరి నీళ్లు తాగిన సర్వర్ జగిత్యాలల ఇంకొకలది గూడ ఉంటదా అంటుండు. మీరు మీరు మాట్లాడుకోండ్రి, నన్నిడిసిపెట్టుండ్రి."

సిగ్గేసింది. కోపం కూడా వచ్చింది. ఏది ముందు వచ్చిందో చెప్పలేను.

అక్టోబరు 22

దేవవ్వ మళ్లీ వచ్చింది. ఈరోజు "రేపు" అనడానికి నోరు రాలేదు. "పాడైంది అవ్వా, నాకు చాతనైతలేదు" అన్నాను.

"మరి చేసినోన్ని అడుగరాదు?"

"ఆయన షార్జాల ఉన్నడు. మేం మాట్లాడుకుంటలేం."

ఆమె నన్ను కిందినుంచి పైదాకా చూసింది.

"మా ముసలోనికి సొంతం ఫోన్ లేదు బిడ్డా. రూమ్‌ల పక్కోడు ఎత్తితెనే నాకు మాట. వాడు డ్యూటీకి పోతె నాలుగొద్దులు మాటే లేదు. నీ తాన ఫోనుండె, ఆయన తాన ఫోనుండె. మీకేం రోగం?"

మెట్ల మీదికి వెళ్లి ఫోన్ చేశాను. ఒక్క రింగుకే ఎత్తాడు.

"డిస్క్ కనిపిస్తుంది, డేటాబేస్ తెరుచుకోవట్లేదు" అన్నాను.

"మంచిగున్నవా?" అన్నాడు.

"డేటాబేస్ గురించి చెప్పు."

"చెప్త. ముందుగాల్ల దాని కాపీ తియ్యి. అసలుదాన్ని ముట్టకు. తిన్నవా?"

అక్టోబరు 24

రెండు రోజులుగా అతని భోజనాల వేళ వీడియో కాల్. అతను చెప్తాడు, నేను కొడతాను. పూర్తిగా ఆఫీసు పని. మధ్యలో అతని బక్కచిక్కిన ముఖం చూసి "పప్పు తక్కువేసుకున్నవేంది" అన్నాను. అది లెక్కలోకి రాదు.

"మరి ఫోన్ ఎందుకు చెయ్యలే?" అని కూడా అడిగాను. అదీ రాదు.

"ఫోనైతె కట్ చేస్తవ్. పువ్వైతె చూస్తవ్ గదా" అన్నాడు.

సరిగ్గా అప్పుడే స్క్రీన్ మీద పేర్లు కదిలాయి. కొన్నిటికి ఊర్లు లేవు, కొన్నిటికి నంబర్లు లేవు. కానీ రాజం ఉన్నాడు! ఫొటోతో సహా, పాస్‌పోర్టు మొదటి పేజీ!

ప్రింట్ తీసి దేవవ్వ చేతిలో పెట్టాను. వేలితో ఫొటోను తుడిచింది. "గప్పుడు గింత మంచిగుండె" అని ఏడ్చింది. ఆమెను పట్టుకుని నేనూ ఏడ్చాను. ఫోన్‌లో వేణు చూస్తూనే ఉన్నాడు, కట్ చేయడం మరిచిపోయాను.

సార్ మాత్రం నిమ్మకాయ మార్చాలన్నారు.

అక్టోబరు 30

రాజంకు ఇంటికి రావడానికి అనుమతి కాగితం వచ్చింది. రేపు విమానమెక్కుతాడు. మా సర్వర్‌కు కొత్త పెట్టె వచ్చింది. ఊర్లు, నంబర్లు లేనివాళ్ల ఇళ్లకు ఫోన్లు చేసి అన్నీ నింపాం. ఇంక చేయడానికి పనేమీ లేదు.

వేణుకు ఆ మాటే చెప్పాను. వెనక ఎవరో గిన్నెలు కడుగుతున్నారు.

"సర్వర్ మంచిగైంది. ఇగ ఫోన్ చెయ్యవ్ గదా?" అన్నాడు.

"చెయ్య. అడుగకుంట పోయినోనికి ఎందుకు చేస్త?"

"ఇంకా ఇరవై రెండు నెల్లుంది వసంతా" అన్నాడు, మెల్లగా.

పెట్టేశాను. ఇరవై రెండు నెలలు! చాలాసేపు ఏడుపు ఆగలేదు.

సరే. తీర్మానం మళ్లీ మొదటి నుంచి. రేపటి నుంచి వేణుకు ఫోన్ చేయను. ఈసారి గట్టిగా!

ఒక్క సర్వర్ పని మీద తప్ప. ఇకపై రోజూ బ్యాకప్ తీయాలి. తీసింది సరిగ్గా వచ్చిందో లేదో తెలిసినవాళ్లను అడగాలి. అది ఆఫీసు పని. అతని భోజనాల వేళ అయితే అతనికీ ఇబ్బంది ఉండదు.

ఆదివారం కూడా తీస్తాను. ఆదివారం ఆఫీసుకు సెలవని నాకు తెలుసు.