టీ కాగినప్పుడల్లా కదిలిన ఇల్లు

ఓష్,
మార్చి 28

గౌరవనీయులైన అనార్‌కుల్ అపాకు, అమ్మలాంటి మీకు, ఎర్మెక్ సలాములు. మీరూ మీ గొర్రెలూ క్షేమమని తలుస్తాను.

నెలక్రితం మీ ఇంట్లో నేను పెట్టి వచ్చిన పెట్టె గురించే ఈ ఉత్తరం. ఉపగ్రహాలు పంపే సంకేతాల కూత విని, మీ ఇల్లున్న కొండవాలు జారుతోందో లేదో చెప్పడం దాని పని. మినీబస్సు నడిపే సగిన్ చేత మీరు పంపిన చిప్పు, అదే పెట్టె తన లెక్కలు రాసుకునే ముక్క, చూశాను. దాని ప్రకారం మీ ఇల్లు రోజూ పన్నెండు మీటర్లు అటూ ఇటూ తిరిగి వస్తోంది! గడియారం నిలకడగా లేదని నా అనుమానం. దయచేసి ఒకసారి చూడండి.

ఈ పెట్టె నా సొంత తయారీ. లోపల యంత్రం తక్కువ, నేను రాసిన ప్రోగ్రాం ఎక్కువ. మా పరిశోధనశాల డైరెక్టరుగారికి మొదటినుంచీ దీనిమీద నమ్మకం లేదు. ఏప్రిల్ నెలాఖరుకు కుదురుకోకపోతే గోదాములో పడేస్తానన్నారు.

విధేయుడు,
ఎర్మెక్


కారాతెరెక్,
ఏప్రిల్ 2

నాయనా ఎర్మెక్, నీకు అపా దీవెనలు.

నా ఇల్లు తిరుగుతోందా? అది మా ఆయన ముప్ఫై ఏడేళ్ళ కిందట కట్టిన ఇల్లు. ఆయన ఊళ్ళన్నీ తిరిగాడు గాని, ఇల్లు మాత్రం ఒక్కడుగు కదల్లేదు.

గడియారం సంగతి మాత్రం నిజం. రోజుకు పది నిమిషాలు వెనకబడుతుంది. గోడమీంచి దించి, శాలువాలో చుట్టి సగిన్‌తో పంపుతున్నాను. బాగుచేయించు.

నీ మేలు కోరే
అనార్‌కుల్

తా.క. గంట కొట్టేముందు దగ్గుతుంది. అది జబ్బు కాదు, అలవాటు.


ఓష్,
ఏప్రిల్ 7

అపా, నమస్సులు.

గోడగడియారం బాగుచేయించి పంపుతున్నాను. నేను రాసింది పెట్టె లోపలి గడియారం గురించి. అది బియ్యపుగింజంత స్ఫటికం. సెకనుకు కోట్లసార్లు అదురుతుంది. ఆ అదురు వేగాన్నే మేం ఫ్రీక్వెన్సీ అంటాం. వేడి తగిలితే ఒకలా, చల్లబడితే ఇంకోలా మారుతుంది. అది మారితే ఉపగ్రహాల మీద పట్టు జారి, అంకెలు గంతులేస్తాయి.

చిప్పులోని గీత రోజుకు ఏడుసార్లు ఎగిరిపడుతోంది. శుక్రవారం పదకొండుసార్లు. పెట్టె గాని టీ కాచే పొయ్యి దగ్గర ఉందా?

మీ
ఎర్మెక్

తా.క. మంగళవారం ఎక్కిన గీత రెండు గంటలు దిగనే లేదు. నూనె మరిగించి పిండి బోర్సోక్‌లు వేయించారా?


కారాతెరెక్,
ఏప్రిల్ 11

ఎర్మెక్‌కు.

నేనెన్నిసార్లు టీ తాగానో ఓష్ పట్నంలో కూర్చున్న నీకెలా తెలుసు? పక్కింటి కలీచాయే రాసి ఉంటుందని వెళ్ళి నిలదీశాను. "నీ టీలు లెక్కపెట్టడం తప్ప నాకు పనేం లేదా?" అంది. "మరి మంగళవారం బోర్సోక్‌ల సంగతి ఎవరు మోశారే?" అన్నాను. "మంగళవారం బోర్సోక్‌లు వేయించావా? నాకొక్కటీ పంపలేదేం?" అని అరిచింది. ఇప్పుడు మా ఇద్దరికీ మాటల్లేవు. అంతా నీ వల్లే.

పెట్టె పొయ్యి పక్క గూట్లోనే ఉంది. ఇంటికొచ్చిన అతిథిని చలిలో కూర్చోబెడతామా?

అనార్‌కుల్

తా.క. శుక్రవారం పదకొండు టీల్లో మూడు కలీచాకే పోశాను. ఆ మాట కూడా రాసుకో.


ఓష్,
ఏప్రిల్ 14

అపా, క్షమించండి.

కలీచా అపా ఏ పాపం ఎరగరు. మీ టీల సంగతి ఆ గీతే చెప్పింది. పెట్టెకు కావలసింది వెచ్చదనం కాదు, పొద్దున్నా సాయంత్రమూ ఒకే తీరుగా ఉండే చోటు. అలా ఉంచే పరికరం అడిగితే డైరెక్టరుగారు ససేమిరా అన్నారు. నాకేమీ తోచడం లేదు.

దిగులుతో
ఎర్మెక్


కారాతెరెక్,
ఏప్రిల్ 17

నాయనా,

ఈ మాట ముందే ఏడవొచ్చుగా! యాభై ఏళ్ళుగా నేను తడిపిన ఉన్నిని తొక్కి తొక్కి మందపాటి పరుపులు చేస్తున్నది ఎందుకనుకున్నావు? గుడారంలో మనుషుల్ని ఎండకీ మంచుకీ కాచేది అవే. పెట్టెను ఉత్తరపు గది మూలకు మార్చి, నాలుగు పొరలు చుట్టి కుట్టేశాను. కలీచా వచ్చి రెండో అంచు పట్టుకుంది. మాటల్లేవు కదా, ఇద్దరం సైగలతోనే కుట్టాం.

దీవెనలతో
అనార్‌కుల్

తా.క. చిన్న కన్నం వదిలాను. ఊపిరాడక చచ్చిందని నా మీద పెట్టకు.


ఓష్,
ఏప్రిల్ 25

అపా, ఏం చేశారు?

కొత్త చిప్పు చూశాను. ఐదు రోజులు గీత లాగి కట్టిన దారంలా ఉంది! డైరెక్టరుగారు కళ్ళజోడు తుడుచుకుని మరీ చూశారు. కాని చివరి మూడు రోజులు మెల్లగా వాలు కిందున్న వాగువైపే పోతోంది. ఒక సెంటీమీటరు, మర్నాడు రెండు, ఆ మర్నాడు నాలుగు. చలేసి ఉన్ని విప్పేశారా? నెలాఖరు ఐదు రోజులే ఉంది. నా పరువు మీ చేతుల్లో పెట్టి మరీ వచ్చాను!

ఎర్మెక్


కారాతెరెక్ బడి,
ఏప్రిల్ 29

నాయనా ఎర్మెక్,

నీ ఉత్తరం ఇరవయ్యేడున అందింది. చదివి ఒళ్ళు మండింది. నేను ఉన్ని విప్పలేదు. ఆ గదిలో దీపం కూడా వెలిగించలేదు. టీకి కలీచా ఇంటికే వెళుతున్నాను. నేనూ కదపక, చలీ తగలక, మరి కదులుతున్నదేమిటి? బయటికొచ్చి వాలెక్కి చూశాను. గడ్డిలో నా మోచెయ్యి దూరేంత చీలిక!

పరిగెత్తి తొమ్మిది ఇళ్ళ తలుపులూ బాదాను. "పెట్టె చెప్పిందని ఇళ్ళొదిలి పోవాలా?" అన్నారు మగవాళ్ళు. కలీచా నడుం మీద చేతులు వేసుకుని, "ఈమె గుట్టుగా వేయించుకున్న బోర్సోక్‌లనే పట్టేసిన పెట్టెరా అది! ఇంత కొండను పట్టదా?" అంది. అందరూ కదిలారు.

నిన్న పట్టపగలు పదకొండింటికి కొండ దిగింది. నా ఇల్లూ, కలీచా ఇల్లూ, మరో మూడిళ్ళూ మట్టికింద ఉన్నాయి. మా ఆయన కట్టిన గోడలు కదా, కాసేపు ఏడ్చాను. తర్వాత బడిలో మనుషుల్ని లెక్కపెట్టాం. నలభై ఆరుగురం. ఒక్కరూ తగ్గలేదు. మళ్ళీ లెక్కపెట్టి, అప్పుడు నవ్వాం. గొర్రెలు కూడా అన్నీ ఉన్నాయి, గోల చేస్తున్నాయి. పెట్టెను ఉన్నితో సహా ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను.

ఇవాళ జిల్లా పెద్ద వచ్చాడు. ఎవరు హెచ్చరించారని అడిగితే, ఎర్మెక్ అనే మా పిల్లవాడి పెట్టె అని చెప్పి, నీ ఉత్తరం అందరి ముందూ చదివాను. మట్టికొండల కిందున్న ప్రతి ఊరికీ ఇదే పెట్టె కావాలని, ఉన్నితో సహా కావాలని, మీ డైరెక్టరుకు రాస్తున్నాడు. ఉన్ని పని నాదీ కలీచాదీ.

గర్వంతో, నీ
అనార్‌కుల్ అపా

తా.క. చదివేటప్పుడు "చలేసి ఉన్ని విప్పేశారా" అన్న ముక్క దాటేశాను. కొండ జారుతోందని ముందే కనిపెట్టింది నువ్వేనని అందరూ అనుకుంటున్నారు. అలాగే ఉండనీ.