నాలుగు మూలల పసుపు

తిరుపతి,
23-6-1946, ఆదివారం.

ఈరోజు పనులు: నీళ్లు పట్టాను, సంగటి కెలికాను, వడియాలు ఎండకు పెట్టాను, ఒక గౌను అంచు మడిచి కుట్టాను. ఇక నీకు ఉత్తరం.

అమ్మా, నీ పాదాలకు మొక్కి కమల రాసేది. నీ మోకాలి నొప్పి ఎలా ఉంది? తమ్ముడు ఇది చదివి వినిపించేటప్పుడు నవ్వి నడుమ ఆపేస్తే ఒప్పుకోకు, చివరిదాకా చదివించుకో. మేమంతా బాగున్నాము. బియ్యం మండీలో మీ అల్లుడి గుమాస్తా పని కుదురుగా సాగుతోంది. పలమనేరు చల్లగాలి మాత్రం ఇక్కడ లేదు, పొద్దు గూకినా కొండ వేడి తగ్గదు. అలిపిరికి పోయేవాళ్ల గోవింద నామాలు వింటూ వంట చేస్తాను. మొదట్లో మాట్లాడే మనిషి లేక పొయ్యితో మాట్లాడేదాన్ని. ఇప్పుడు పక్కింటి మునెమ్మ ఉంది, నా గురించి బెంగ పెట్టుకోవద్దు.

సుగుణ సంగతి చెప్పాలి. ఇక్కడి బడిలో ఆడపిల్లలంతా గౌన్లే. మన పిల్ల ఒక్కతే పావడా. మునెమ్మ కూతురు రాణి దాన్ని "పావడా అవ్వ" అని పిలిచిందట. "నేనింక బడికి పోనే పోనమ్మా" అని సుగుణ గడప దాటడం మానేసింది. ఊరు విడిచి వచ్చిందే దాని చదువు కోసం కదా.

కార్డు మీద కొలిచి ఇచ్చే కంట్రోలు గుడ్డలో మా వంతు మీ అల్లుడి పంచెకే సరిపోయింది. మునెమ్మ తన పెట్టెలోంచి రెండు గజాల నీలం గుడ్డ తీసి, "నీ వంతు వచ్చినప్పుడు ఇద్దువులే వదినా" అంది. కూతురి మాటలు ఆమెకు తెలియవు, నేనూ చెప్పలేదు.

గౌను కుట్టడం సులువే. గుడ్డను నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి మడవాలి. మడతలు కలిసే మూల మెడ. సుగుణ పాత రవిక పైన పరిచి చంక గీసుకుంటే, ఇక పక్క కుట్లు రెండే. మిషను కూడా అక్కర్లేదు.

కానీ పసుపు పెట్టందే కొత్త గుడ్డకు కత్తెర తగలకూడదని నువ్వు నేర్పావు కదా. నాలుగు మూలలా పెట్టాను. మడిచినప్పుడు ఆ నాలుగూ ఒక్కచోటికి వచ్చాయి. శుభమైనది పైనే ఉండాలని, అదే మెడ అనుకుని కోసేశాను. విప్పి చూస్తే నడుమ చిల్లే లేదు! నాలుగు మూలలూ పోయాయి.

"ఏంది వదినా, ఎలకలు పంచుకున్నట్టుండాదే! పిల్ల తల యాడ దూర్చాల?" అని మునెమ్మ పడీ పడీ నవ్వింది.

"గౌను కాకపోతే పాయె, నా పీట మీద పరుచుకుంటాలే" అన్నారు మీ అల్లుడు.

సుగుణ మాత్రం నవ్వలేదు.

మళ్లీ మడిచాను. ఈసారి పసుపుకు ఎదురు మూలన, మడతల దగ్గర మెడ కోశాను. ముందు తెగిన మూలలు కిందికి పోయి, చొక్కా అంచులాగా పక్కల గుండ్రంగా తిరిగాయి. తెగిన ముక్కలను రెండేసి కలిపితే రెండు అర్ధచంద్రాలయ్యాయి. వాటిని ముందువైపు జేబులుగా కుట్టాను. ఒక్కో జేబు మూతి నడుమ పసుపు బొట్టు కూర్చుంది. పొడవు మోకాళ్ల కిందికే ఉంది, నువ్వు కోప్పడే పని లేదు.

ఆ బడిలో ఏ ఆడపిల్ల గౌనుకూ జేబు లేదట! సుగుణ జేబుల నిండా శెనక్కాయలు పోసుకుని బడికి పోయింది. సాయంత్రం రాణి మా గుమ్మంలో నిలబడింది.

"అత్తా, నాకూ అట్లాంటిదే కుట్టియ్యవా? జోబీలుండాల. పసుపు గూడా ఉండాల."

"పావడా అవ్వ ఇంటికి యాలొచ్చినావే?" అని సుగుణ లోపలినుంచే అరిచింది.

"తప్పైపోయిందిలే! శెనక్కాయలు పెడతావా, లేదా?"

పెట్టింది.

నిన్న మా వంతు గుడ్డ వచ్చింది. రాణి గౌను కోసం పసుపు పెట్టి, ఈసారి కావాలనే మొదట నాలుగు మూలలూ కోశాను. రేపు ఇద్దరూ జతగా బడికి పోతారట. ఇటు వచ్చేవాళ్ల చేత శెనక్కాయలు కాస్త ఎక్కువే పంపించు, ఇప్పుడు జేబులు నాలుగు.

పెద్దలందరికీ నా దండాలు చెప్పు. సుగుణ తల మీద చెయ్యి పెట్టినట్టే తలుచుకుని దీవించు.

నీ కూతురు,
కమల

మునెమ్మకు బాకీ, రెండు గజాల గుడ్డ: గౌను కుట్టి ఇచ్చాను. చెల్లు.