స్కానింగుకు ముందు ముక్కుపుడక

అశ్వినీ,

నాకు పరీక్షల డ్యూటీ ఉంది, మొదటి బస్సుకు వెళ్తున్నాను. కుప్పానికి నీతో రెడ్డెమ్మ అత్త వస్తుంది. ఎక్స్‌రేలో ఎముక బాగుందని పుత్తూరు కట్టుతో సరిపెట్టాం. మోకాలి లిగమెంటు తెగిందో లేదో ఎమ్మారై స్కానింగులోనే తెలుస్తుందట. లోపలికి పోయేటప్పుడు ఒంటి మీద లోహం ఏదీ ఉండకూడదు. అమ్మ పోయినప్పటి నుంచి నువ్వు తీయని ఆమె ముక్కుపుడక కూడా తీసి అత్త చేతికివ్వు. బయటికి రాగానే పెట్టుకో.

సంగటి మూతపెట్టి ఉంచాను. తిని బయలుదేరు.

మళ్లీ కబడ్డీ ఆడతావో లేదో ఈ రోజు తెలుస్తుంది. ఏం తెలిసినా సరే.

నాన్న

నీకు చెప్పలేదు. మదనపల్లె పోటీలో నువ్వు దెబ్బ తగిలిన ఆ కాలితోనే గీత తాకినప్పుడు పక్కనున్నాయన, "కుంటతానే గెలిపించేసిందే! ఎవురి బిడ్డప్పా?" అన్నాడు. అమ్మ పేరే చెప్పాను. "భారతి బిడ్డ" అన్నాను.