ముక్కు చెప్పని సంగతి

అక్కకి,

నమస్కారాలు. ఇక్కడ ఇద్దరం బాగున్నాం. ఈ మాట మొన్న రాసుంటే అబద్ధమయ్యేది. పాపని నీ దగ్గరికి పంపేయమన్నావు. జవాబు ఈ ఉత్తరంలోనే ఉంది.

నిన్న జబ్బుకి ఆఖరి రోజు. పొద్దున పాపకి వాంతి కాలేదు. పదింటికి రెండు ముద్దలు మెత్తటన్నం తింది. "ఇది అన్నమా, శిక్షా?" అంది. పదకొండింటికి బాత్రూంలోంచి "నాన్నా, గీత!" అని కేక. కింది వాటా నర్సమ్మగారు పెట్టిన పద్ధతి అది. పిల్ల ఒంటికి వెళ్ళినప్పుడల్లా క్యాలెండరు మీద గీత గీయాలి. ఒంట్లో నీళ్ళు నిలుస్తున్నాయో లేదో దాన్నిబట్టి తెలుస్తుంది. సాయంత్రానికి నాలుగు గీతలు. ఇద్దరం చప్పట్లు కొట్టుకున్నాం.

ఆదివారం పొద్దున వండిన కోడికూర పొయ్యి మీదే ఉండిపోయింది. సాయంత్రం వేడిచేసి తిన్నాం. తెల్లారేసరికి ఇద్దరికీ వాంతులు, విరేచనాలు. నాకు తక్కువ, దానికి ఎక్కువ. గ్లాసుడు నీళ్ళు తాగించాను. అన్నీ నా చొక్కా మీదకే వచ్చాయి. నర్సమ్మగారు నన్ను పక్కకి తోశారు.

"గ్లాసు కాదు బాబూ, చెంచా! ఓఆర్ఎస్ కలిపి, రెండు నిమిషాలకో చెంచా. విరేచనాలు ఆపే మాత్రల జోలికి పోకండి. రక్తం పడ్డా, జ్వరం పెరిగినా, పిల్ల మగతగా ఉన్నా, గీతలు ఆగినా ఆసుపత్రికి పరిగెత్తడమే."

నువ్వడిగినవి: నిద్ర పడుతోంది. కాలేజీకి వెళ్తున్నాను. నీ మరదలి బట్టలు ఇంకా ఎవరికీ ఇవ్వలేదు.

ఒకటి దాచాను. నాకు వాసన తెలియదు. పన్నెండేళ్ళ కిందట ఒక జలుబుతో పోయింది, తిరిగి రాలేదు. నీ మరదలికొక్కతెకే తెలుసు. పాలు, కూర, నా చొక్కాలు అన్నీ తనే వాసన చూసేది. తను పోయాక సంగతి చెప్పి ఆ పని తొమ్మిదేళ్ళ పిల్లకి పెట్టాను. ఆదివారం కూడా గిన్నె దాని ముక్కు దగ్గర పెట్టాను. "బాగుంది నాన్నా" అంది.

సోమవారం అది నిద్రపోతుంటే, మీ ఊరి బడికి మార్చే దరఖాస్తు నింపి సంతకం పెట్టాను.

నిన్న మంచం మీద నుంచి అడిగింది. "అమ్మయితే కనిపెట్టేది కదా?"

మందు కలుపుతున్న నర్సమ్మగారు అందుకున్నారు.

"మీ అమ్మ కాదు, అమ్మమ్మ దిగొచ్చినా కనిపెట్టలేదు. కడుపు చెడగొట్టే పురుగుకి వాసనుండదే తల్లీ. కమ్మగా ఉందని కూరని నమ్మకూడదు, కమ్మగా మాట్లాడాడని మొగుణ్ణి నమ్మకూడదు. గడియారాన్ని నమ్ము. వండిన రెండు గంటల్లో ఫ్రిజ్‌లో పెట్టకపోతే పారబోయడమే. మళ్ళీ కాచినా ఆ పురుగు వదిలిన విషం పోదు."

పాప లేచి కూర్చుంది. "అయితే నా ముక్కు మంచిదే! నాన్నా, నీకూ పర్లేదు. టైము చూడ్డం వచ్చుగా?"

అక్కా, కడుపు పట్టుకుని నవ్వాను. ఎనిమిది నెలల తర్వాత.

దరఖాస్తు చింపేశాను. పాప నా దగ్గరే ఉంటుంది. సెలవులకి నువ్వే రా. వంట నేనే చేస్తాను, భయపడకు.

రేపు పొద్దున బడికి వెళ్ళి, పై తరగతికి దాని పేరు ఇక్కడే రాయించి వస్తాను.

ఇట్లు,
నీ తమ్ముడు, పాపకి నాన్న