జాజుతో రాసిన గెలుపు

బిడ్డా మౌనికా,

నువ్వు పోయి ఇవాళ్టికి మూడేళ్లు. నీకొక సంగతి చెప్పాలి. మన పక్కింటి లచ్చవ్వ కూతురు స్వప్న లేదూ, వాళ్ల కబడ్డీ జట్టు జిల్లా పోటీల్లో గెలిచింది.

నువ్వూ నీ జట్టూ కబడ్డీ ఆడినప్పుడు, బడిలో పిల్లలు తక్కువని మిమ్మల్ని ఆ పోటీలకు పిలవనే లేదు. చుట్టుపక్కల బడులన్నిటినీ ఓడించి వచ్చి, బడి గోడ మీద, అరుగులకు పూసే ఎర్రజాజుతో "జిల్లా ఛాంపియన్లం మేమే" అని మీకు మీరే రాసుకున్నారు.

పొద్దున లచ్చవ్వ సర్టిఫికెట్ తెచ్చి చూపించింది. "మాది సర్కారు కాయితం వదినె. మీ పిల్లలది ఉత్త గోడ రాతనేనాయె" అని నవ్వింది. ఆ కాగితం మీద నీ పేరు ఉండాల్సింది.

సాయంత్రం స్వప్న మెడలో పతకంతో వచ్చి కాళ్లు మొక్కింది. దీవించకుండానే అడిగాను.

"నిజం చెప్పు పిల్లా. మా మౌనిక జట్టు మీతోని ఆడితే ఎవలు గెలుద్దురు?"

ఆ పిల్ల తల వంచుకుంది. "మేమే ఓడిపోదుము అత్తమ్మా. అక్క కూతకొస్తే పట్టుడు మాతోనయితదా?"

లచ్చవ్వకు వినబడేటట్టు ఇంకోసారి గట్టిగా చెప్పమన్నాను.

మీ అమ్మ